రెండో నాడి

ఆ యంత్రానికి కంపెనీవాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు ఒకటుంది. పెట్టె మీదా, దరఖాస్తుల మీదా ఆ పేరే ఉంటుంది. కానీ అంబులెన్స్‌లో తిరిగేవాళ్ళెవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు. డ్రైవర్ సుకుమార్ మొదటిరోజే చూసి, "ఏంటి మేడం, పడుకున్న మనిషికి హెల్మెట్టా? పోలీసులు పట్టుకుంటారనా?" అని నవ్వాడు. నర్సు లోవమ్మ "టోపీ" అంది. అదే ఖాయమైపోయింది.

చూడ్డానికి టోపీలాగే ఉండేది కూడా. లోపల పదహారు మెత్తటి బిళ్ళలు. తలకి పెట్టి బొత్తాం నొక్కితే ఆ బిళ్ళల్లోంచి కంటికి కనిపించని తరంగాలు మెదడులోకి వెళ్ళి తిరిగొస్తాయి. తొంభై సెకన్లలో టోపీ అంచున చిన్న దీపం వెలుగుతుంది. నీలం వెలిగితే మెదడు నరంలో గడ్డ అడ్డం పడిందని. ఎరుపు వెలిగితే నరం చిట్లి రక్తం కారుతోందని.

పక్షవాతం రెండు రకాలుగా వస్తుంది, కానీ పైకి రెండూ ఒకటే. మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. గడ్డ అయితే నాలుగున్నర గంటల్లోపు దాన్ని కరిగించే ఇంజక్షన్ పడితే చాలు, మనిషి లేచి నడుస్తాడు. చిట్లిన నరం ఉన్నవాడికి అదే ఇంజక్షన్ ఇస్తే గంట తిరక్కుండా పోతాడు. ఏది ఏదో చెప్పేది స్కాన్ ఒక్కటే. లంక గ్రామాల నుంచి స్కాన్ ఉన్న ఆసుపత్రి దాకా రావడానికే ఆ నాలుగున్నర గంటలూ చెల్లిపోతాయి. అందుకే ఆ టోపీ.

దాన్ని తయారుచేసిన ఐదుగురు ఇంజనీర్లలో ఆశాజ్యోతి ఒకతి. సామర్లకోటలో బాప్టిస్టు చర్చి వెనక వీధి పిల్ల. చిన్నప్పుడు వాళ్ళ తాతయ్యకి పక్షవాతం వస్తే పసరు మందు వేయిస్తామని రెండురోజులు ఊరూరూ తిప్పారు. ఆ తరవాత ఆయన పదకొండేళ్ళు మంచంలోనే బతికాడు. ఆ మంచం పక్కనే చదువుకుని ఇంజనీరైంది ఆశ. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదులుకుని రాజమండ్రిలో ఈ చిన్న కంపెనీలో చేరడానికి కారణం అడిగితే, "మా తాతయ్య" అని ఊరుకునేది.

ఇంతవరకూ చెప్పుకోదగ్గ సంగతే. చెప్పుకోలేని సంగతి ఇంకొకటుంది.

జులైలో, తణుకు పక్క పల్లెలో నాట్లు వేస్తూ జ్ఞానమ్మ అనే కూలీ కుప్పకూలిపోయింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. దగ్గర్లోని చిన్న నర్సింగ్‌హోమ్‌కి తెచ్చారు. అక్కడ స్కాన్ యంత్రం ఆ వారమంతా పాడై ఉంది. టోపీ పరీక్షల కోసం ఆశ అప్పుడు అక్కడే ఉంది. జ్ఞానమ్మ జుట్టు నిండా ఆముదం. బిళ్ళలు జారిపోతుంటే ఆశే గుడ్డతో తుడిచి తుడిచి టోపీ పెట్టింది.

"తల పగిలిపోతోంది పాపా," అంది జ్ఞానమ్మ, నాలిక మడతపడుతుంటే.

నీలం దీపం వెలిగింది.

ఆ దీపాన్ని నమ్మి మందు ఇవ్వకూడదు. పరీక్షలు పూర్తయ్యేదాకా అది రాసుకోవడానికే. ఆ సంగతి డ్యూటీ డాక్టరుకి తెలుసు, ఆశకి ఇంకా బాగా తెలుసు. కానీ జ్ఞానమ్మ కూతురు బేబి ఇద్దరి కాళ్ళూ పట్టుకుని ఏడుస్తోంది. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి టైం దాటిపోతుంది. డాక్టరు ఆశ వంక చూశాడు.

"ఏమంటారండీ?"

"గడ్డేనండీ," అంది ఆశ. అక్కడితో ఆగలేదు. బేబిని లేవదీసి, "నీలం లైటు వెలిగిందంటే మంచిదేనమ్మా," అని కూడా చెప్పింది.

ఇంజక్షన్ పడిన నలభై నిమిషాలకి జ్ఞానమ్మ పోయింది. అది గడ్డ కాదు.

తరవాత విచారణ జరిగింది. పద్ధతి పాటించని నర్సింగ్‌హోమ్‌దే తప్పని రాసుకున్నారు. కంపెనీ రెండు నెలలు పరీక్షలు ఆపింది. ఆ రెండు నెలల్లో ఆశ పై అధికారి మణిశంకర్ ప్రోగ్రాం మొత్తం మళ్ళీ రాయించాడు. జ్ఞానమ్మ తల మీద టోపీ ఉన్న గంటసేపు నమోదైన రికార్డునే తీసుకుని, దాంతోనే యంత్రానికి పాఠం చెప్పారు. నరం చిట్లడమంటే ఇలా ఉంటుంది, చూసి గుర్తుపెట్టుకో అని. పాఠం పూర్తయ్యాక టోపీ ఇక తప్పు చెప్పలేదు. "ఆవిడ ఊరికే పోలేదు ఆశా. ఇకమీద ఎంతమంది బతుకుతారో చూడు," అన్నాడు మణిశంకర్. ఓదార్పుగానే అన్నాడు. ఆశకి మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

అక్టోబరు మొదట్లో టోపీని అంబులెన్స్‌లోకి ఎక్కించారు. రావులపాలెం దగ్గర మకాం. దారిలో ఏ ఊళ్ళో స్కాన్ ఉన్నా మందు ఉండదు కాబట్టి, గడ్డ కరిగించే మందు కూడా ఐసు పెట్టెలో పెట్టి సీలు వేశారు. స్కాన్ అయ్యాకే సీలు తియ్యాలి.

మొదటి రోగికే ఆ తేడా కనిపించింది.

టోపీ పెట్టినప్పుడు టాబ్ తెర మీద రోగి నాడి కూడా ఒక గీతలా కదులుతుంది. ఆ గీత కింద, సన్నగా, వెలిసిపోయిన సిరాతో గీసినట్టు, ఇంకో గీత ఉంది. అదీ నాడే. రోగిది నిమిషానికి ఎనభై అయితే దీనిది నలభై. ఆశ ఫోన్ చేస్తే మణిశంకర్ తేలిగ్గా తీసుకున్నాడు. "బండిలో ఇన్వర్టర్ రొద అయ్యుంటుంది. వైరు మార్చు." వైరు మార్చింది. టాబ్ మార్చింది. రెండో రోగికీ ఆ గీత ఉంది. ఈసారి కొంచెం ముదురుగా.

మూడో రోగి సాల్మన్ అనే వడ్రంగి. కుడిపక్క పడిపోయి, మాట పోయింది. టోపీ పెట్టిన దగ్గర్నుంచీ ఆ మనిషి కదిలే ఒక్క కాలితోనూ నెట్టుకుంటూ స్ట్రెచర్ మీద కుడివైపుకి జరుగుతూనే ఉన్నాడు. ఎడమవైపు ఎవరికో చోటిస్తున్నట్టు. లోవమ్మ రెండుసార్లు మధ్యకి లాగింది. మూడోసారి లాగబోయి ఆగిపోయింది.

"ఆశమ్మా," అంది మెల్లిగా. "ఆముదం వాసన రావట్లేదూ?"

ఆశకి వస్తోంది. ఇందాకటి నుంచీ వస్తోంది. ఈ టోపీ బిళ్ళలు అన్నీ పోయిన నెలలో మార్చిన కొత్తవి.

"లేదండీ," అంది ఆశ.

ఆ నెలాఖరున తుపాను వచ్చింది.

పొద్దుటి నుంచీ గాలి ఒకటే హోరు. మధ్యాహ్నం రెండయ్యేసరికి పట్టపగలే దీపాలు పెట్టుకునేంత చీకటి కమ్మింది. రెండున్నరకి ఫోన్ వచ్చింది. అంబాజీపేట దాటాక కొబ్బరితోటల మధ్య ఒక పల్లె. హైస్కూల్లో తెలుగు చెప్పే కనకవల్లి అనే టీచరుకి మూతి వంకర పోయింది, ఎడమచెయ్యి లేవడం లేదు. ఫోన్ చేసినాయన ఆవిడ భర్త సూర్యప్రకాశం. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి.

వాళ్ళు వెళ్ళేసరికి ఆయన గొడుగు పట్టుకుని వీధిలోనే నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా తడిసి ముద్దయిపోయాడు. "సరిగ్గా రెండూ పదికండీ. కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. వెంటనే గడియారం చూశాను. టైం గుర్తుపెట్టుకోవాలని మీవాళ్ళు ఊళ్ళో కాగితం అంటించారు కదండీ, అందుకని," అన్నాడు. ఏదో పరీక్షలో సరైన జవాబు చెప్పినవాడిలా ఆశ మొహం చూశాడు.

"చాలా మంచిపని చేశారండీ," అంది ఆశ. రెండూ పది. అంటే ఆరూ నలభై దాకా టైం ఉంది. రాజమండ్రి గంటన్నర దారి. చాలినంత టైం ఉంది.

కనకవల్లి తెలివిలోనే ఉంది. మాట ముద్దగా వస్తున్నా అర్థమవుతోంది. అంబులెన్స్ ఎక్కించి, భర్తని పక్కన కూర్చోబెట్టాక టోపీ పెడుతుంటే, "జడ విప్పొద్దమ్మాయ్, చిక్కులు పడుతుంది," అంది. లోవమ్మ నవ్వింది. తొంభై సెకన్లకి నీలం దీపం వెలిగింది.

అంతలోనే అది ఎరుపైంది.

ఆశ కళ్ళు నులుముకుంది. నీలం. మళ్ళీ ఎరుపు. ఇదివరకెప్పుడూ ఇలా మారింది లేదు. ఒకసారి తేల్చి చెబితే అంతే. తెర చూసింది. రెండు గీతలూ ఉన్నాయి. కింది గీత ఇప్పుడు సన్నగా లేదు. పైదానితో సమానంగా, నల్లగా, నిబ్బరంగా కదులుతోంది.

కొత్తపేట ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా బండి ఆగింది. సుకుమార్ దిగి చూసొచ్చాడు. చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆయ్, చెట్టు పడిపోయిందండి. నిద్రగన్నేరు మాను. రోడ్డుకి అడ్డంగా, ఆ చివర కాలవలో ఉంది."

"వెనక్కి తిప్పండి. వేరే దారిలో పోదాం."

"ఇందాక దాటొచ్చామే చప్టా, దాని మీంచి నీళ్ళు పారతన్నాయండి మేడం. మోకాలెత్తు. ఇప్పుడు దిగితే కొట్టుకుపోతాం." గొడ్డలి తీసుకుని ఎవరైనా దొరుకుతారేమోనని ముందుకి పరిగెత్తాడు. వానలో పది అడుగులు వేసేసరికే కనబడకుండా పోయాడు.

నాలుగు గంటలైంది.

ఒక పక్క కాలవ, ఒక పక్క తోట. కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తున్నాయి. బండి రేకు మీద వాన చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు. లోపల స్పిరిటు వాసన, తడిబట్టల వాసన. వాటి వెనకాల, మెల్లిగా, ఆముదం.

నాలుగున్నర. ఐదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"అమ్మాయ్," అంది కనకవల్లి.

"చెప్పండి టీచర్‌గారూ."

"నా పక్కన... ఆవిడెవరు?"

ఇది పుస్తకాల్లో ఉన్నదే. మెదడు కుడిభాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమవైపు లోకం ఉండదు. తమ చెయ్యి తమదే అనిపించదు. పక్కలో ఎవరో పడుకున్నారంటారు. ఆ సంగతే ఆశ సూర్యప్రకాశానికి చెప్పింది. "భయపడకండి. అది ఆవిడ చెయ్యే. జబ్బువల్ల పరాయిదిలా అనిపిస్తుంది."

ఆయన తల ఊపాడు. భార్య ఎడమచేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "ఇది నీ చెయ్యేనే వల్లీ. చూడు, నీ ఉంగరం."

"చెయ్యి సంగతి కాదండీ," అంది కనకవల్లి, విసుగ్గా. "మనిషి. ఇరుకుగా ఉంది. కాస్త జరగమనండి."

లోవమ్మ ఆశ వంక చూసింది.

ఆశ టాబ్‌లో నాడి చప్పుడు పైకి పెట్టింది. టిక్ టిక్ టిక్... గబగబా నడుస్తున్న చప్పుడు ఒకటి. దాని మధ్యలో, ఆగి ఆగి, బరువుగా ఇంకొకటి. టక్... టక్... లోవమ్మ కనకవల్లి మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. తొంభై రెండు.

"గబగబా కొట్టుకునేదే ఈవిడది," అంది గుసగుసగా. "ఇంకోటి ఎవరిదమ్మా?"

ఆశ లేచింది. టోపీ పట్టీ ఊడదీసింది. టోపీని కనకవల్లి తల మీంచి తీసి, స్ట్రెచర్ మీదే ఎడమపక్క, ఖాళీగా ఉన్న చోట పెట్టింది. తలలేని టోపీకి నాడి ఉండదు. రెండు గీతలూ పడిపోవాలి.

గబగబా నడిచే చప్పుడు ఆగిపోయింది.

టక్... టక్... టక్...

ఆగలేదు.

లోవమ్మ కళ్ళు మూసుకుని తలుపులమ్మ తల్లిని తలుచుకుంది. ఆశకి ప్రార్థన గుర్తు రాలేదు. ఖాళీ టోపీ అంచున దీపం వెలిగింది. ఎరుపు. ఈసారి రెపరెపలు లేవు. నిలకడగా, నిండుగా, ఎరుపు.

అప్పుడు ఆశకి అర్థమైంది. యంత్రం తప్పు చెప్పడం లేదు. ఇద్దరి తలలు చూసి ఇద్దరి జబ్బులూ చెబుతోంది. ఎరుపు పక్కనున్నావిడది. నీలం కనకవల్లిది. అంటే ఈవిడకి ఉన్నది గడ్డే. ఐసు పెట్టెలో ఉన్న మందు ఇప్పుడు ఇస్తే ఈ చెయ్యి లేస్తుంది. మళ్ళీ బడికి వెళ్ళలేకపోయినా, కనీసం జడ తనే వేసుకుంటుంది.

ఐదూ నలభై. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ కనిపించింది. రాజమండ్రిలో నరాల డాక్టరు శృతికి కలిసింది. గాలికి మాట తెగిపోతోంది.

"ఎక్కడున్నారు? టైం చూసుకుంటున్నారా?"

"చెట్టు పడిందండీ. కదల్లేం. డాక్టరుగారూ, ఇది గడ్డే. నాకు తెలుసు. లోవమ్మగారు మందు ఇవ్వగలరు. మీరు ఊ అంటే..."

"టోపీ ఏం చూపిస్తోంది?"

ఆశ టోపీ వంక చూసింది. అబద్ధం చెప్పొచ్చు. నీలం అంటే చాలు. జులైలో కూడా ఆ ఒక్కమాటే అంది.

"ముందు రెండూ చూపించిందండీ. ఇప్పుడు... తల మీంచి తీసేశాక కూడా ఎరుపు వెలుగుతోంది."

"అయితే అది పాడైంది ఆశా. దాన్ని నమ్మకు. స్కాన్ లేకుండా మందు ముట్టుకోవద్దు. ఎవరు అడిగినా సరే. వినిపిస్తోందా? ముట్టు..."

లైను తెగిపోయింది.

డాక్టరు చెప్పినదాంట్లో తప్పులేదు. ఆవిడ చోటులో ఉంటే తనూ అదే చెప్పేది. సూర్యప్రకాశం అంతా విన్నాడు. లేచి రెండు చేతులూ జోడించాడు. అరవయ్యేళ్ళు దాటిన మనిషి.

"అమ్మా, ఆ పెట్టెలో ఉన్నదే కదా మందు? గడ్డే అని మీరే అన్నారు కదమ్మా. ఏం జరిగినా నేను పడతాను. కాగితం రాసిస్తాను."

"మీరు చెప్పండి ఆశమ్మా," అంది లోవమ్మ. మొహం పాలిపోయి ఉంది. "మీరు చెబితే నేనిస్తాను."

ఆరుంబావు. బయట చీకటి గట్టిపడింది. బండిలో దీపం ఒక్కటే. ఆశ ఐసు పెట్టె ముందు కూర్చుంది. సీలు తెంచింది. చల్లటి పొగ మొహానికి తగిలింది. సీసా తీసి అరచేతిలో పెట్టుకుంది. చిటికెనవేలంత ఉంది. చేతిని కోస్తున్నట్టుంది ఆ చలి.

టక్... టక్...

లోవమ్మకి ఇవ్వబోతూ వెనక్కి తిరిగింది.

కనకవల్లి తల కదులుతోంది. కుడిమెదడు దెబ్బతిన్నవాళ్ళు ఎడమవైపు తిరగలేరు. పిలిచినా తిరగరు, వేలు చూపించినా తిరగరు. కనకవల్లి తల మెల్లిగా... చాలా మెల్లిగా... ఎడమవైపు తిరిగింది. ఆశ ఉన్నది ఆవైపే. కళ్ళు సూటిగా ఆశ మీద నిలిచాయి. వంకరపోయిన మూతి నిటారైంది.

"నీలం లైటేనా... పాపా?"

ఆ గొంతు టీచరుది కాదు.

సీసా చేతిలోనే ఉంది. లోవమ్మ చెయ్యి చాచే ఉంది. రెండడుగుల దూరం. ఆశ ఆ రెండడుగులూ వెయ్యలేకపోయింది. వెయ్యాలనుకుంది. కాళ్ళకి చెప్పింది. గొంతుకి చెప్పింది. ఇవ్వండి అనే మూడక్షరాలు నోట్లోనే ఉండిపోయాయి. ఇస్తే ఈవిడ బతుకుతుందా, ఇంకో బేబి ముందు నిలబడాల్సి వస్తుందా? తనకి తెలిసిందనుకున్నది నిజంగా తెలిసిందా, లేక ఎవరో పనిగట్టుకుని అలా అనుకునేట్టు చేశారా? అదే దీపం... అదే నమ్మకం... అదే చెయ్యి.

గోడకున్న గడియారంలో ముల్లు కదులుతూనే ఉంది. సూర్యప్రకాశం ఏడుస్తున్నాడు. వానలో ఆ ఏడుపు వినిపించడం లేదు, భుజాలు కదలడం కనిపిస్తోంది.

ఆరూ నలభై.

ఆరూ నలభై ఒకటి.

టాబ్‌లో చప్పుడు ఆగిపోయింది. ఎరుపు దీపం ఆరిపోయింది. పని అయిపోయిన మనిషి లేచి వెళ్ళినట్టు. కనకవల్లి మూతి మళ్ళీ వంకరపోయింది. తల కుడివైపుకి వాలిపోయింది.

ఏడింటికి సుకుమార్ నలుగురు మనుషుల్నీ, రంపాన్నీ తీసుకొచ్చాడు. రాజమండ్రి చేరేసరికి తొమ్మిది దాటింది. స్కాన్ తీశారు. శృతి తెర చూసి నిట్టూర్చింది.

"గడ్డే," అంది. "టైం దాటిపోయింది." ఆశ భుజం మీద చెయ్యేసింది. "నువ్వు చేసింది కరెక్టే. పాడైపోయిన యంత్రాన్ని నమ్మి ఎవరు మాత్రం ఇస్తారు?"

ఎవరూ ఆశని ఒక్కమాట అనలేదు. సూర్యప్రకాశం అయితే వెళ్ళేటప్పుడు దండం పెట్టాడు. "మీరు చెయ్యాల్సింది చేశారమ్మా," అన్నాడు. ఆ మాటకంటే తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆశకి.

మర్నాడు మణిశంకర్ ఆ రోజు రికార్డు తెరిచి చూశాడు. తరవాత ఆశని పిలిచి కుర్చీ చూపించాడు.

"రెండు నాడులు వినిపించాయన్నావు కదూ?"

"అవును. లోవమ్మగారు కూడా విన్నారు."

"ఇందులో ఒకటే ఉంది." తెర ఆమె వైపు తిప్పాడు. "బండి ఎక్కించిన దగ్గర్నుంచీ ఆరూ నలభై ఒకటి దాకా. నిమిషానికి నలభై. కనకవల్లిగారి నాడి... అసలు ఎక్కడా లేదు ఆశా. టోపీ ఆవిణ్ణి ఒక్క క్షణం కూడా చూడలేదు."

పరీక్షలు ఆపేశారు. బ్యాటరీ తీసేసి, టోపీని పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆశ సెలవు పెట్టి సామర్లకోట వెళ్ళింది. తండ్రి జయపాల్ ఏం అడగలేదు. రోజూ సాయంత్రం ఆమెతోపాటు రైల్వేస్టేషన్ దాకా నడిచి వెనక్కి వచ్చేవాడు. ఆదివారాలు చర్చిలో కూర్చుంటే కాస్త కుదుటపడినట్టే ఉండేది. బేబిని వెళ్ళి చూసి రావాలని రెండుసార్లు తణుకు బస్సెక్కింది. రెండుసార్లూ నిడదవోలులోనే దిగిపోయింది.

నెలరోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ మోగింది. సూర్యప్రకాశం.

"బావున్నారా అమ్మా? మీ నంబరు లోవమ్మగారిచ్చారు. ఏం అనుకోకండి."

"ఫర్లేదండీ. టీచర్‌గారెలా ఉన్నారు?"

"ఉందమ్మా. మాట బాగానే వచ్చింది. జావ తాగుతోంది. చెయ్యీ కాలూ మాత్రం అలాగే ఉన్నాయి. మొన్న చూపిస్తే ఇక ఆ చేతిలో కదలిక రాదన్నారు. సరే, మన ప్రాప్తం." ఆయన ఆగాడు. "ఒక చిన్న సంగతమ్మా. డాక్టరుగారిని అడిగితే నవ్వుతారేమోనని మీకు చేశాను."

"చెప్పండి."

"రోజూ పొద్దున్నే నేనే వేణ్ణీళ్ళతో ఆవిడ ఒళ్ళు తుడుస్తాను. ఎడమచేతి గోళ్ళల్లో బురద ఉంటోందమ్మా. పచ్చి బురద. రాత్రి శుభ్రంగా కడిగి పడుకోబెడతాను. తలుపులు నేనే వేస్తాను. మంచం మీద ఎక్కడా మరక ఉండదు. మాదంతా కొబ్బరితోటల నేల కదండీ, ఇసక. ఇది నల్లగా, జిగటగా, వరిచేలో మట్టిలా ఉంటోంది. మాకు చేలున్నాయా, పాడా?"

ఆశ గోడకి ఆనుకుంది. ఎదురుగా తండ్రి అన్నం కలుపుతూ ఆగి ఆమె వంక చూస్తున్నాడు.

"ఈ జబ్బులో ఇలా ఉంటుందాండీ?" అని అడిగాడు సూర్యప్రకాశం. ఆ గొంతులో భయం లేదు. టైం ఎంతైందని అడిగినట్టు అడిగాడు.

ఆశ ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది. లైను కట్ అయిందనుకున్నాడో ఏమో, ఆయన కొంచెం గట్టిగా అన్నాడు.

"మరేం లేదమ్మా. ఇన్నాళ్ళూ ఆ పడిపోయిన చెయ్యే కదా అని ఊరుకున్నాను. ఇవాళ పొద్దున... కుడిచేతికి కూడా ఉంది."